మా యింటిపేరు

మన పాఠశాలలో ఏటేట చలికాలము ప్రవేశించునప్పటికి ఉపాధ్యాయులకు తప్పని పని యొకటి కలదు. పదవ తరగతి విద్యార్థుల పేర్లను పరీక్షాధికారులకు వ్రాసి పంపవలెను. ఇంటిపేరు, సొంతపేరు, తండ్రిపేరు, తల్లిపేరు, వీనిలో ఒక్క యక్షరము తప్పినను ఆ బిడ్డ పెద్దయైన పిదప కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చును. కావున మేము ఒక్కొక్కరిని దగ్గఱకు బిలిచి, పేరు పైకి జదివించి, పిమ్మట వ్రాయుచుందుము. ఈ యేడు ఆ పని జరుగుచుండగా ఒక బాలిక తన పేరు చదివి ముగించి, వెంటనే వెళ్లక నిలిచి, “మాస్టరుగారూ, మీ పేరుకు ముందు ‘వి’ అని యొక్క యక్షరమే యున్నదే! మా పేర్లు పూర్తిగా వ్రాయుమనుచున్నారు గదా, మీది యేల పూర్తిగా లేదు?” అని యడిగినది.

తరగతి యంతయు నవ్వినది. మేమును నవ్వితిమి. కాని ప్రశ్న న్యాయమైనది. ఆ ‘వి’ అనగా వలందపాలెము. మా యింటిపేరు వలందపాలెపువారు. ఆ పేరును ఒక్క యక్షరముగా కుదించుకొనుటకు ఒక కారణము కలదు. అది చెప్పుకొనుటకు కొంత సిగ్గుగా నున్నను, మన పత్రిక చదువు బాలబాలికలకు ఉపయోగింపవచ్చునని తలచి, ఇచ్చట వ్రాయుచున్నాము.

వలందులనగా హాలెండు దేశస్థులు. పుస్తకములలో డచ్చివారని వ్రాయుదురు గాని, మన తెలుగు తీరమున పూర్వులు ఆ దేశము పేరును తమ నోటికి అనువుగా మార్చుకొని వలందవారనిరి. కావున మా యింటిపేరు వినిన ప్రతివాడును, “అయితే మీరు దొరల సంతతియా?” అని యడుగుట పరిపాటి. మా నాయనమ్మగారు ఆ మాటకు సంతోషించెడివారు. ఆమె పుట్టినిల్లు మన ఖమ్మము ప్రాంతమున నాగులవంచకు సమీపమున నుండెను. నాగులవంచలో పూర్వము వలందవారి కొఠి యుండెనని ఆమె చిన్ననాట వినియుండిరి. ఆ కొఠి దొరలలో నొకడు గోలకొండ మీదికి ఢిల్లీ సేనలు వచ్చినప్పుడు పారిపోవుచు తన పసిబిడ్డను దాదియొద్ద విడిచెననియు, ఆ బిడ్డయే మా వంశమునకు మూలపురుషుడనియు ఆమె చెప్పెడివారు. “మీ పెదతాతగారికి పిల్లికండ్లు ఎక్కడినుంచి వచ్చినవనుకొన్నావురా?” అని ఋజువు గూడ చూపెడివారు.

పదుమూడేండ్ల బాలునకు అంతకన్న మించిన ఋజువేమి కావలెను? వసతిగృహమున మాతోడి పిల్లలయెదుట మేము ఆ కథను మఱికొంత పెంచి చెప్పుకొంటిమి. దాదిని రాజకుమార్తెగా జేసితిమి. దొర నడుమునకు బంగారుపిడి కత్తి వ్రేలాడదీసితిమి. మా ప్రక్కమంచముమీద పరుండు బాలుడొకడు కూనవరము వైపునుండి వచ్చిన కోయ విద్యార్థి. అతడు లెక్కలలో మాకన్న నేర్పరి, మాటలలో మితభాషి. ఒకనాటి రాత్రి మేము మా వంశకథ ముగించి, అతనివైపు తిరిగి, “మీ యింటిపేరునకు అర్థమేమి? అర్థమే లేదు గదా! అడవిలో ఏదో నోటికి వచ్చినది పెట్టుకొని యుందురు” అంటిమి. పిల్లలు నవ్విరి.

అతడు కోపింపలేదు. కొంతసేపటికి, “మా యింటిపేరు చెప్పగనే నాకు అన్నదమ్ములెవరో, బావమఱదులెవరో ఈ గోదావరి రెండు గట్లమీదను చెప్పుదురు. నీ యింటిపేరు నీకు ఎవరిని జూపును?” అని యడిగి, దుప్పటి ముసుగు పెట్టుకొనెను. మాయొద్ద సమాధానము లేదు. ఆ దొర ఎవరో, పేరేమో, ఊరేమో మాకు తెలియదు. మఱుసటి యేడు ఆ మిత్రుడు ఇంటి యిబ్బందులచే చదువు మాని వెడలిపోయెను. క్షమాపణ చెప్పుకొను సమయము చిక్కలేదు. నాటినుండి మా యింటిపేరు మాకే బరువై తోచి, సంతకమున ఒక్క యక్షరముగా కుదించుకొంటిమి.

అయినను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. ఉద్యోగమున కుదురుకొనిన పిమ్మట సెలవులలో మా వంశమూలము వెదకుట ప్రారంభించితిమి. మొదట నాగులవంచకు వెళ్లితిమి. ఖమ్మము జిల్లా చింతకాని మండలములోని యా గ్రామమున వలందవారి వర్తకస్థానము నిజముగనే యుండెను. 1602లో హాలెండులో స్థాపింపబడిన తూర్పుఇండియా వర్తకసంఘము వారు 1606 నాటికి బందరున కొఠి పెట్టిరి. నేతబట్టలును నీలిమందును వారికి కావలసిన ముఖ్య సరకులు. బట్టలను జావా మొదలగు ద్వీపములకు గొనిపోయి, అచ్చట మిరియములు, లవంగములు మున్నగు సుగంధద్రవ్యములకు మార్చుకొనెడివారు. సరకు పుట్టుచోటనే కొనుటకై తీరమునుండి లోపలి గ్రామములకు వచ్చిరి. అట్లు వచ్చినదే నాగులవంచ కొఠి. 17వ శతాబ్దపు ఉత్తరార్ధమున వర్తకము సాగించిన యా కొఠి, 1687లో ఔరంగజేబు సేనలు గోలకొండను గైకొనిన యేటితో ముగిసినది.

అవే దినములలో మన ప్రాంతమున మఱియొక చరిత్ర నడచుచుండెను. నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్నగారు పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండి, భద్రాచలమున శ్రీరాముని కోవెల గట్టించి, గోలకొండ చెఱసాల పాలైనది తానీషా పరిపాలనముననే. ఆ తానీషా ఏలుబడి 1672 మొదలు 1687 వరకు. రామదాసు కీర్తనలు పుట్టిన కాలమున, ఆయన జన్మించిన సీమలోనే, నీలిమందు మూటలు తూచు వలంద గుమాస్తాలును ఉండిరన్నమాట.

ఆ గుమాస్తాలు మన ఊళ్ల పేర్లను తమ చెవికి తోచినట్లు వ్రాసికొనిరి. నాగులవంచను నాగెల్వాంజె యనిరి. వారి భాషలో నాగెల్ అనగా మేకు. మన నాగులు వారి కాగితములపై మేకులైనవి! పాలకొల్లు పాలికోల్ అయినది. పేర్లు నోరు మారినప్పుడెల్ల కొంత అరిగిపోవునని అప్పుడే మాకు తెలిసినది. అయితే నాగులవంచలో మా వంశమును గూర్చి చెప్పగలవా రొక్కరును లేరు. మా నాయనమ్మగారు చెప్పిన దాది కథ ఆ యూర ఎవరును వినలేదు.

తరువాత వలందుల యింటిపేర్లనే తెలిసికొనవలెనని తోచినది. మా మూలపురుషుడు వారిలో నొకడైనచో, అతనికిని ఒక యింటిపేరు ఉండవలెను గదా! ఆ దేశపు పేర్లను గూర్చి చదివినకొలది మాకు ఆశ్చర్యము కలిగినది. చిత్రకారుడు రెంబ్రాంటు పేరు విద్యార్థులు వినియే యుందురు. అతని పూర్తిపేరు రెంబ్రాంట్ హార్మెన్‌స్జోన్ వాన్ రైన్. మొదటిది సొంతపేరు. రెండవది హార్మెన్ కుమారుడని తండ్రిపేరు. మూడవది రైన్ నదికి సంబంధించినవాడని యింటిపేరు. వారి కుటుంబపు పిండిమర ఆ నదీశాఖ యొడ్డున లైడెన్ పట్టణమున నుండెను. ‘వాన్’ అనగా ‘నుండి’, లేక ‘యొక్క’. మన కంచర్ల లింగన్నగారి కుమారుడు గోపన్న యనుటకును దీనికిని భేద మేమి? మనము ఇంటిపేరు ముందు పెట్టుదుము, వారు వెనుక పెట్టుదురు. అంతియే.

మిగిలిన పేర్లును ఇట్టివే. యాన్సెన్ అనగా యాన్ కుమారుడు. బాకర్ రొట్టెలు కాల్చువాడు, స్మిట్ కమ్మరి, విస్సర్ జాలరి. వాన్ డైక్ కట్టమీది వాడు. సముద్రమునకు కట్టలు కట్టుకొని బ్రతుకు దేశమున ఆ పేరు బహుళముగా నుండుట సహజమే. చిత్రకారుడు వాన్ గోగ్ పూర్వుల పేరు గోఖ్ అను ఊరినుండి వచ్చినది. ఆ యూరు నేడు సరిహద్దున కావల జర్మనీలో నున్నది. తాడేపల్లివారు, కొండపల్లివారు, నిడదవోలువారు అని మనవారు ఊళ్ల పేర్లను మోయుచున్నట్లే, వారును మోయుచున్నారు.

1811లో, ఆ దేశము నెపోలియను చేతిలో నున్నప్పుడు, ప్రతి కుటుంబమును ఇంటిపేరు నమోదు చేయించుకొనవలెనని శాసనమైనది. ఈ శాసనమును గూర్చి అచ్చటను ఒక కట్టుకథ కలదు. పరప్రభుత్వమును వెక్కిరించుటకై ప్రజలు హాస్యపుపేర్లు వ్రాయించుకొనిరనియు, నాక్ట్‌గెబోరెన్, అనగా దిగంబరముగ బుట్టినవాడు, అను పేరు అట్టిదే యనియు చెప్పుకొందురు. నిజమునకు అది తండ్రి మరణానంతరము జన్మించినవాడను అర్థముగల పాతమాట అరిగి మారిన రూపము. అప్పటికే చాలమందికి ఇంటిపేర్లు కలవు. తండ్రిని చూడని బిడ్డ పేరు నవ్వులాటగా మారిన ఆ కథ చదివినప్పుడు మాకు మా దాది కథ జ్ఞప్తికి వచ్చి, కొంచెము వెఱపు కలిగినది. అర్థము మఱచిన పేరునకు మనుష్యులు కథ యల్లుదురు. కథ బాగుగా నుండిన కొలది దానిని పరీక్షింపరు.

ఇంకొక సంగతియు మమ్ము హెచ్చరించినది. వలంద సంఘపు కాగితములలో పేరున్న ప్రతివాడును వలందుడు కాడు. యాకోబ్ హాఫ్నర్ అను నతడు ఆ సంఘపు కొలువున మన తూర్పుతీరమున పనిచేసి, తన ప్రయాణములను గూర్చి డచ్చిభాషలో గ్రంథములు వ్రాసెను. అతడు 1754లో జర్మనీలోని హాలె పట్టణమున జన్మించినవాడు. హాఫ్నర్ అనగా దక్షిణ జర్మనుల భాషలో కుమ్మరి. కావున పేరు వినిన మాత్రమున వంశము నిర్ణయించుట సాహసమే.

తుదకు బందరునకు ప్రయాణమైతిమి. మచిలీపట్టణమున నేటికిని వలందపాలెమను పేట యున్నది. ఇంగ్లీషువారి పేరిట ఇంగ్లీషుపాలెమును, ఫ్రెంచివారి పేరిట పరాసుపేటయు నున్నవి. ఓడలు పోయినవి, కొఠులు పోయినవి, పేర్లు మాత్రము పేటలకు అంటుకొని నిలిచినవి. అచ్చట వలందుల శ్మశానవాటిక కలదు. పెద్ద పెద్ద రాతిపలకలపై కులచిహ్నములును, పూలతీగెలును, నిలువుటక్షరములును చక్కగా చెక్కబడి యున్నవి. ఎండలో ఆ పలకలనడుమ తిరుగుచు, మాకు సంబంధించిన దేదైన కనబడునేమో యని ఒక్కొక్క యక్షరమును వ్రేలితో తడవి చూచితిమి. ఎన్నో వేల క్రోసుల దూరమునుండి వచ్చి, ఇచ్చటి మట్టిలో గలసిన ఆ మనుష్యులలో పలువురు రాతిమీద తమ చిన్ననాటి యూరి పేరును వెంట నుంచుకొనిరి. ఈ బందరు కొఠినుండియే 1615లో పీటర్ గిల్లిస్ వాన్ రావెస్టైన్ అను వర్తకుడు భూమార్గమున సూరతు వరకు ప్రయాణము చేసెను. గిల్లిస్ కుమారుడు పీటరు, రావెన్‌స్టైన్ ఊరివాడు అని ఆ పేరు చెప్పుచున్నది. రావెన్‌స్టైన్ మాస్ నది యొడ్డున నొక చిన్న పట్టణము. గోలకొండ రాజ్యమున నడచుచున్నను, అతని పేరు మాత్రము ఆ యేటియొడ్డుననే యుండెను.

శ్మశానవాటిక నుండి వలందపాలెమునకు వచ్చి, ఒక అరుగుమీద కూర్చుండి దాహము పుచ్చుకొనుచుండగా, ఆ యింటి వృద్ధుడు మా యూరును, యింటిపేరును అడిగెను. “మా యింటిపేరు వలందపాలెమే నండి” అని మేము కొంచెము గర్వముగ జెప్పితిమి. ఆయన బిగ్గఱగా నవ్వి, “ఇక్కడ అందఱిదీ వలందపాలెమే గదండీ! ఇక్కడుండి ఆ పేరు పెట్టుకొంటే ఎవరు ఎవరో ఎట్లా తెలుస్తుంది? మీ పెద్దలు ఇక్కడినుంచి లేచిపోయినవాళ్లయి ఉంటారు. ఆ పేరు పెట్టింది పైయూరివాళ్లు” అనెను.

పుస్తకములు చదివి మేము గ్రహింపనిది ఆయన ఒక్క మాటలో చెప్పెను. ఊరిపేరు ఆ ఊరిలో ఎవరికిని ఇంటిపేరు కాదు. ఊరు విడిచి పోయినవానికే అది పేరగును. రావెన్‌స్టైన్‌లో నున్నవాడెవడును రావెన్‌స్టైన్ వాడని పిలువబడడు. హాలెండులో మిక్కిలి వాడుకలోనున్న యింటిపేర్లలో డె ఫ్రీస్ ఒకటి. ఫ్రీస్‌లాండు సీమవాడని దాని యర్థము. తన సీమను విడిచి యితర పట్టణములకు వచ్చినవానికి ఆ పట్టణపువారు పెట్టిన పేరది. మా నాయనమ్మగారి కథలో మూలపురుషుడు వచ్చినవాడు, దొర. ఆ వృద్ధుని మాటలో మూలపురుషుడు పోయినవాడు, పేద. రెండింటిలో ఏది నిజము?

ఇంటికి వచ్చి, మా నాయనమ్మగారి భోషాణము తెఱచి, అడుగున నున్న పాత కాగితముల కట్ట విప్పితిమి. అందులో 1866వ సంవత్సరపు అప్పుపత్రమొకటి చిక్కినది. దుమ్ముగూడెములో ఒక వర్తకునివద్ద పండ్రెండు రూపాయలు బదులు పుచ్చుకొనినట్లు వ్రాసినది మా తాతగారి తాతగారే. ఆయన పేరునకు ముందు, “బందరు వలందపాలెములో లోగడ కాపురము, హాలు దుమ్ముగూడెము” అని యుండెను. ఆ వాక్యమునకు పూర్వము ఆయన యింటిపేరు వ్రాసియుండవలెను. ఆ మూల చెదలు తినివేసినవి. రెండు మూడు తలకట్లు తప్ప ఏమియు మిగులలేదు.

సంవత్సరము చూచినతోడనే మాకు మఱియొక మాట తోచినది. మా నాయనమ్మగారు ఎప్పుడైన, “మీ పెద్దలు ఉప్పెన తరువాత వచ్చినవాళ్లట” అనెడివారు. ఏ ఉప్పెనయో మేమెన్నడు నడుగలేదు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై సముద్రము విరుచుకొని పడినది. ఆ ఉప్పెనలో ముప్పదివేలమంది ప్రాణములు గోల్పోయిరని అంచనా. బ్రతికినవారిలో అనేకులు ఇల్లు, పనిముట్టు, పశువు అన్నియు పోయినవారే. ఆ కాలమున గోదావరిపై దుమ్ముగూడెమువద్ద పడవలు నడచుటకై ఆనకట్టయు, కాలువయు కట్టుచుండిరి. ఆ పనులకు ముఖ్యుడైన కెప్టెన్ హెయిగ్ పూనికచేతనే 1860లో అచ్చట మిషనుపనియు ఆరంభమైనది. పని దొరకునను మాట గోదావరి పొడవునను ప్రాకియుండును. మా తాతగారి తాతగారు ఆ పనికి కూలిగా వచ్చినవాడు. క్రొత్తవానిని పనివారు ఏమని పిలుతురు? వలందపాలెపువాడు! అదియే మాకు మిగిలినది.

చదువరులారా, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. దొర పోయెను, కత్తి పోయెను, దాది పోయెను. పిల్లికండ్లు మాత్రమున్నవి గాని, వలందుని మొగము చూడని కుటుంబములలోను పిల్లికండ్ల బిడ్డలు పుట్టుచునే యున్నారు. మొదట ఏదో దొంగిలింపబడినట్లు బాధ కలిగినది. తెల్లవారుజామునకు మనసు మాఱినది. సముద్రము సర్వమును దీసికొనిపోగా, అప్పు జేసి, అడవియంచున కొత్త కాపురము పెట్టి, ఆ పండ్రెండు రూపాయలు తీర్చిన మనుష్యుడు మాకు పూర్వుడు. అప్పు తీర్చినందువల్లనే గదా ఆ పత్రము తిరిగి మా యింటికి వచ్చినది! లేని దొరకన్న ఉన్న కూలివాడే మాకు గౌరవనీయుడుగా గన్పట్టెను. ఇన్నియేండ్లు ఆయనను మఱుగుపఱచి, ఆయన స్థానమున ఒక బొమ్మను నిలిపి పూజించితిమి.

ఇక మా మిత్రునికి చెల్లింపవలసిన బాకీ మిగిలినది. అతడు చిన్ననాడు చెప్పినదానిని మేము తరువాత నేర్చుకొంటిమి. కోయవారిలో ఇంటిపేర్లన్నియు కొన్ని గట్లుగా విభజింపబడి యుండును. మూడవ గట్టు, నాలుగవ గట్టు అని సంఖ్యలతో ఏడవ గట్టు వరకు వానిని పిలుతురు. ఒక గట్టువారందఱు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారిలో వారికి వివాహము లేదు. గట్టునకు వేల్పు కలదు. ఆ వేల్పుల కథలను పటములపై జూపుచు డోలివారు గానము చేయుదురు. మడకము, సోడె, పూనెము, కుంజా, ఇర్పా అని మన తరగతులలో పిలుచు పేర్లు ఒక్కొక్కటి ఒక పెద్ద కుటుంబమునకు ద్వారమువంటివి. అర్థము లేదని మేము నవ్విన పేరునకు, మా పేరునకున్న దానికన్న నూరింతలు అర్థము కలదు.

2014లో కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుకునూరు, వేలేరుపాడు మొదలగు మండలములు పోలవరము జలాశయము నిమిత్తము ఆంధ్రప్రదేశమున జేర్పబడినవి. శబరి గోదావరిలో గలియు ఆ ప్రాంతమున అనేక గ్రామములు ముంపు పట్టికలోని కెక్కినవి. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, ఆ వైపునుండి వచ్చిన కుటుంబములకు బియ్యము, దుప్పట్లు పంచుటకు మన విద్యార్థులతోగూడ మేమును వెళ్లితిమి. వరుసలో నిలిచిన వారి పేర్లు వ్రాయుచుండగా, ఒక యింటిపేరు విని తలయెత్తితిమి. తల నెఱసిన మా మిత్రుడు ఎదుట నుండెను. మమ్ము చూచి గుర్తించి, “ఏమిరా, దొరా!” అనెను.

మేము కలము క్రింద నుంచి, నలుబది యేండ్లనాటి తప్పును ఒప్పుకొంటిమి. మా వంశకథ యెట్లు ముగిసినదో చెప్పితిమి. అతడు శ్రద్ధగా విని, “అయితే నీవును నీళ్లకు ఊరు పోగొట్టుకొన్నవాడవే. ఆ పేరుతో మొదట పిలిచినవాళ్లు మా తాతలే యై యుందురు. దుమ్ముగూడెములో క్రొత్తవారికి పేరు పెట్టేది ఎవరు, అక్కడివారు గాక?” అని నవ్వెను. ఆ మాట నిజమో కాదో నిర్ణయించుటకు పత్రము లేదు. కాని అంతకన్న దగ్గఱి బంధుత్వమును మాకు ఇంతవరకు ఎవరును చెప్పలేదు. పిమ్మట అతడు గొంతు తగ్గించి, “మా గట్టు పేరు నీళ్లలో మునుగదు. కాని మా యూరి పేరు? కాలనీకి పోయినాక మా మనుమలు ఆ యూరి పేరు పలుకుతారా?” అని యడిగెను.

దానికి మేము హాలెండులో జరిగినదానిని చెప్పితిమి. ఆ దేశమున జీలాండు సీమలో రైమర్స్‌వాల్ అను సంపన్నమైన పట్టణ ముండెను. 1530 మొదలు వరుసగా వచ్చిన సముద్రపు వెల్లువలచే అది కొంచెము కొంచెముగా నశించి, 1632లో తుది నివాసులును దానిని విడిచిరి. పిమ్మట పట్టణము మొత్తము నీటి పాలయ్యెను. ఆ పట్టణమునుండి వచ్చిన చిత్రకారుడు మారినస్ వాన్ రైమర్స్‌వాలె మాత్రము నేటికిని ప్రపంచమున ప్రసిద్ధుడు. లెక్కలు వ్రాసికొను వడ్డీవ్యాపారులను, పన్నులు వసూలుచేయువారిని అతడు చిత్రించిన పటములు గొప్ప చిత్రశాలలలో నున్నవి. పటము క్రింద అతని పేరు చదివినవాడెల్ల, తెలియకయే, మునిగిన పట్టణమును పేరుపెట్టి పిలుచుచున్నాడు. నేడు ఆ సీమలోని ఒక పురపాలక ప్రదేశమునకు గూడ ఆ పేరే పెట్టుకొనిరి. మా మిత్రుడు ఆ మాటలు విని, తన యూరి పేరు మెల్లగా రెండుసార్లు ఉచ్చరించెను. బియ్యపు పట్టికలో అతని పేరునకు ఎదుట ఆ యూరి పేరును మేము పెద్దయక్షరములతో వ్రాసితిమి.

విద్యార్థులారా, ఈ కథవలన మేము నేర్చుకొనిన దిది. ఇంటిపేరు మన రక్తము గొప్పదని చెప్పు బిరుదు కాదు. మన పెద్దలు ఎచ్చటనుండి లేచి వచ్చిరో, ఎవరితో గలిసి బ్రతికిరో చెప్పు గుర్తు. ఒకని పేరున ఊరుండును, ఒకని పేరున వృత్తి యుండును, ఒకని పేరున అన్నదమ్ముల గుంపు ఉండును. వీనిలో నవ్వదగిన దేదియు లేదు. ఈ వేసవి సెలవులలో మీ యిండ్లకు వెళ్లినప్పుడు, తాతగారినో, నాయనమ్మనో, అమ్మమ్మనో అడిగి మీ యింటిపేరు కథ వ్రాసికొనుడు. కథ మిక్కిలి అందముగా నుండినచో ఒక పాత కాగితమునో, ఒక పొరుగూరి వృద్ధునో గూడ విచారింపుడు. అమ్మల పుట్టినింటి పేర్లను మఱవకుడు. ఏ రికార్డులోను అవి చిక్కుట కష్టము. ముంపు గ్రామములనుండి వచ్చిన బిడ్డలు మీ యూరి పేరును, మీ చెఱువు పేరును, మీ దారుల పేర్లను గూడ వ్రాసికొనుడు. చెదలకంటె ముందు, నీటికంటె ముందు వ్రాసికొనవలెను.

ప్రశ్న యడిగిన బాలికకు ఆనాడు తరగతిలో మేము పూర్తిగా సమాధానము చెప్పలేదు. ఇదియే ఆ సమాధానము. ఈ యేడు హాజరుపట్టీ మొదటి పుటలో మా సంతకమును ఆమె చూచినచో, అచ్చట ఒక్క యక్షరమునకు బదులుగా ఆరక్షరములు కనబడును.